నేలమీది విమానం

పరిచయం

ఆకాశంలో విమానం ఎగరడం మనమందరం చూసిందే. కాని దాన్ని నడిపేవారు మొదట నేలమీదే ఎగరడం నేర్చుకుంటారన్న సంగతి చాలామందికి తెలియదు. అలా నేర్పే యంత్రాన్ని ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. ఈ వ్యాస రచయిత యానాంలో పుట్టి, పుదుచ్చేరి పట్నంలో టైపు మిషన్లు బాగుచేస్తూ జీవించారు. చిన్నప్పుడు పదో తరగతి తప్పి చదువు మానేశారు. విమానాల మీది ఇష్టం తనను తిరిగి చదువు దగ్గరకు ఎలా తీసుకువచ్చిందో ఆయన మీతో చెబుతున్నారు.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- స్వీయానుభవాన్ని వ్యాసంగా ఎలా రాస్తారో గ్రహించగలుగుతారు.
- ఫ్లైట్ సిమ్యులేటర్ ఎందుకు, ఎలా పుట్టిందో వివరించగలుగుతారు.
- మీకు ఇష్టమైన ఒక పనిని గురించి సొంత మాటల్లో రాయగలుగుతారు.

పాఠం

1. గోదావరి గట్టు మీద

మీరు ఎప్పుడైనా గద్దను నిదానంగా గమనించారా? కొంతసేపు రెక్కలు ఆడిస్తుంది. తరువాత రెక్కలు చాచి ఊరకే ఉంటుంది. అయినా కింద పడదు. సరిగదా, గుండ్రంగా తిరుగుతూ ఇంకా పైకి పోతుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆ గద్దే ఆశ్చర్యం.

మా ఊరు యానాం. గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గరలో ఉంది. చుట్టూ ఆంధ్రదేశమే అయినా, పరిపాలనకు పుదుచ్చేరి కిందికి వస్తుంది. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, 1954లో మనదేశంలో కలిసింది. మా రాజధాని పుదుచ్చేరి మాకు 800 కిలోమీటర్ల పైచిలుకు దూరం.

మా నాన్న హార్మోనిస్టు. పద్యనాటకాలకు వాయించేవాడు. నాటకాలు లేని రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలోని హార్మోనియాలు బాగుచేసేవాడు. సాయంత్రం గట్టుమీద కూర్చున్నప్పుడు గద్దను చూపించి, "అది ఎగరడం లేదురా, గాలి దాన్ని మోస్తోంది. గాలి ఎక్కడ పైకి లేస్తుందో దానికి తెలుసు" అనేవాడు. హార్మోనియం తిత్తి నొక్కి, "దీన్ని పాడించేదీ ఆ గాలే" అనేవాడు. ఈ రెండు మాటలకూ సంబంధం ఉందని నాకు ఎంతో కాలానికి గాని అర్థం కాలేదు.

1976లో పదో తరగతి పరీక్ష రాశాను. లెక్కల్లో 19 మార్కులు వచ్చాయి. తప్పాను. ఆ వేసవిలోనే నాన్న పోయాడు. మళ్లీ పరీక్షకు కట్టమని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. పుదుచ్చేరిలో బియ్యం కొట్టులో గుమాస్తాగా ఉన్న మా మేనమామ నన్ను వెంటబెట్టుకుపోయి ఒక టైపు మిషన్ల కొట్టులో పనికి పెట్టాడు. అప్పుడు నాకు పదహారేళ్లు.

2. కొట్టులో పని, గ్రంథాలయంలో విమానాలు

కొత్త ఊరు, కొత్త భాష. తమిళం రాక మొదటి నెలల్లో చాలా అవస్థ పడ్డాను. అయితే పని త్వరగా పట్టుబడింది. టైపు మిషన్‌లో ఒక మీట నొక్కితే ఏ కడ్డీ కదిలి ఏ అక్షరం లేస్తుందో చూడటం నాకు ఆటలాగా ఉండేది. నాన్న చేతిపని నా చేతిలోకి కొంత వచ్చిందేమో!

పుదుచ్చేరిలో రొమేన్ రోలాండ్ గ్రంథాలయం ఉంది. 1827లో ఏర్పడినది. ఆదివారాలు అక్కడికి వెళ్లి విమానాల బొమ్మలున్న పుస్తకాలు తీసి చూసేవాణ్ని. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. బొమ్మ కింద రాసినదాన్ని కూడబలుక్కొని చదువుకొనేవాణ్ని. అక్కడే జె.ఆర్.డి. టాటా గురించి తెలుసుకున్నాను.

ఆయన 1904లో పారిస్‌లో పుట్టారు. తల్లి ఫ్రెంచి వనిత. చిన్నప్పుడు ఆ కుటుంబం వేసవి సెలవులకు ఫ్రాన్సు ఉత్తర తీరంలోని ఆర్దెలో అనే ఊరికి వెళ్లేది. లూయీ బ్లెరియో ఇల్లు అక్కడికి దగ్గరే. ఇంగ్లిష్ కాలువను 1909లో మొట్టమొదట విమానంలో దాటిన మనిషి ఆయనే. ఆ సముద్రపు ఇసుకమీద విమానాలు దిగడం చూసిన పిల్లవాడు పెద్దయ్యాక, 1929లో, మనదేశంలో మొదటి నంబరు పైలట్ లైసెన్సు పొందారు. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా మోసుకొచ్చారు. అక్కడినుంచి నెవిల్ వింట్సెంట్ అనే పైలట్ ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చారు.

ఈ కథ చదివి నేను ఉప్పొంగిపోయాను. ఆ వెంటనే దిగులు కూడా పడ్డాను. ఆ పిల్లవాడికి విమానం కొనుక్కొనే స్తోమత ఉంది. నాకు సైకిలు కూడా అద్దెదే. విమానం ఎక్కడానికి డబ్బు లేదు. నడపడానికి చదువు లేదు. నా ఇష్టాన్ని ఎవరికీ చెప్పకుండా లోపలే దాచుకున్నాను.

3. తెరమీద మొదటి ప్రయాణం

1990ల నాటికి టైపు మిషన్ల పని తగ్గిపోయింది. కంప్యూటర్లు వచ్చాయి. మా యజమాని నన్ను వాటి పని నేర్చుకోమన్నాడు. 1994లో ఒక వకీలుగారి ఇంటి కంప్యూటరు బాగు కోసం మా కొట్టుకు వచ్చింది. పని అయ్యాక, సరిగా నడుస్తోందో లేదో చూద్దామని అందులో ఉన్న ఒక ప్రోగ్రామును తెరిచాను. తెరమీద ఒక రన్‌వే కనిపించింది. పక్కన నీళ్లు. దూరంగా ఎత్తయిన మేడలు. కింది భాగంలో గడియారాలవంటి ఆరేడు చక్రాలు.

అది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజనీరు మొదట చిన్న కంప్యూటర్ల కోసం తయారుచేసిన ప్రోగ్రాము నుంచి పుట్టి, 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో వచ్చింది. తెరమీద నేను చూసింది అమెరికాలోని షికాగో నగరంలో, సరస్సు ఒడ్డున ఉండే మేగ్స్ విమానాశ్రయం. అసలు విమానాశ్రయాన్ని 2003లో మూసివేశారు. నావంటి ఎంతోమంది ఆ ఊరు చూడకుండానే ఆ రన్‌వేను అరచేతి గీతలా ఎరుగుదురు.

ఆ రాత్రి కొట్టు తలుపు లోపలినుంచి వేసుకొని కూర్చున్నాను. మొదటిసారి విమానం రన్‌వే దాటి నీళ్లలోకి పోయింది. రెండోసారి నేల విడిచింది. ఆనందం పట్టలేక ముక్కు ఇంకా పైకెత్తాను. వేగం పడిపోయింది. విమానం ఒక్కసారిగా కుంగి కింద పడింది. తెర నల్లబడింది. తిరిగి వెలిగింది. మళ్లీ అదే రన్‌వే, అదే విమానం, చెక్కు చెదరకుండా!

అప్పుడు నాకు తట్టిన సంగతి మీకు చెప్పాలి. నా జీవితంలో ఒకసారి తప్పితే, మళ్లీ మొదలుపెట్టమన్నవారు ఎవరూ లేరు. ఈ యంత్రం మాత్రం ఎన్నిసార్లు పడినా ఏమీ అనకుండా మళ్లీ మొదలుపెట్టమంటోంది. నేను ఆ రాత్రి ఇరవైసార్లకు పైగా పడ్డాను.

ముక్కు పైకెత్తితే విమానం ఎందుకు పడింది? గాలిపటం సంగతి ఆలోచించండి. అది గాలికి కొంచెం ఏటవాలుగా ఉన్నంతసేపు పైకి లేస్తుంది. విమానం రెక్క కూడా అంతే. ఏటవాలుగా ముందుకు పోతూ గాలిని కిందికి తోస్తుంది, గాలి రెక్కను పైకి తోస్తుంది. అయితే ఆ వాలుకు ఒక హద్దు ఉంది. మామూలు రెక్కకు అది సుమారు 15 డిగ్రీలు. హద్దు దాటితే రెక్క పైభాగాన్ని అంటి పారే గాలి చెదిరిపోతుంది. మోసే బలం పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. అప్పుడు చేయవలసిన పని, పడిపోతున్న విమానం ముక్కును ఇంకా కిందికి దించడం! వేగం అందుకొని, గాలి మళ్లీ రెక్కను పట్టుకున్నాకే పైకి లేపాలి. భయపడినవాడి చెయ్యి మాత్రం ముక్కును పైకే లాగుతుంది. ఆ భయాన్ని మాన్పడానికే అభ్యాసం.

ఆగి ఆలోచించండి - 1
(అ) స్టాల్ అయినప్పుడు పైలట్ ముక్కును ఎందుకు దించాలి?
(ఆ) తెర మళ్లీ వెలిగినప్పుడు రచయితకు తట్టిన విషయం ఏమిటి?

4. మూడు డిగ్రీల లెక్క

కొంత కాలానికి, కొట్టులో పనికిరావని మూల పడేసిన భాగాలన్నీ కూర్చి సొంత కంప్యూటరు ఒకటి తయారుచేసుకున్నాను. ఎగరడం వచ్చింది. దిగడం రాలేదు. ఒకసారి రన్‌వే నెత్తిమీదుగా దాటిపోయేవాణ్ని, ఇంకొకసారి దానికి ముందే నేలకు తగిలేవాణ్ని.

మా వీధిలో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. తమిళులు. సంకోచిస్తూనే ఆయనను అడిగాను: "సార్, విమానాలు 3 డిగ్రీల వాలులో దిగుతాయని పుస్తకంలో ఉంది. 5 కిలోమీటర్ల దూరంలో ఎంత ఎత్తున ఉండాలి?" ఆయన కాగితంమీద లంబకోణ త్రిభుజం గీశారు. పట్టికలో 3 డిగ్రీలకు టాన్ విలువ చూపించారు. 0.0524. అంటే ప్రతి 1000 మీటర్ల దూరానికి 52 మీటర్ల ఎత్తు. 5 కిలోమీటర్లకు 262 మీటర్లు.

ఆ రాత్రి ఆ లెక్క ప్రకారం దిగాను. చక్రాలు రన్‌వే మొదట్లోనే తాకాయి. మర్నాడు పరుగున పోయి మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వి, "ఇది పదో తరగతి లెక్కే కదా, నీకు రాదని ఎవరన్నారు?" అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను. 19 మార్కుల కాగితం అన్నది. పద్దెనిమిదేళ్లుగా నేను దాని మాటే నమ్మాను.

సార్వత్రిక పాఠశాల గురించి ఆయనే నాకు చెప్పారు. 1998లో, నా ముప్పై ఎనిమిదో ఏట పరీక్షకు కూర్చున్నాను. హాలులో నా పక్కన కూరలు అమ్మే ఒక అమ్మగారు. మా ఇద్దరి చేతులూ వణుకుతున్నాయి. అన్నీ పాసయ్యాను, లెక్కలు తప్ప! కొన్ని మార్కుల్లో మళ్లీ పోయింది. ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆవిడ అన్నం పెట్టి, "మీ విమానం ఎన్నిసార్లు పడిందో లెక్క ఉందా?" అంది. అంతే. పాసైన సబ్జెక్టులు పాసైనట్టే ఉంటాయి, పోయినదాన్నే మళ్లీ రాయవచ్చు. మరుసటిసారి రాశాను. 54 వచ్చాయి.

5. తిత్తులతో ఎగిరిన పెట్టె

సిమ్యులేటర్ల కథ కంప్యూటర్లకంటె చాలా పాతది. 1909 ప్రాంతంలో ఫ్రాన్సులో ఆంత్వానెత్ అనే విమానం నడపడం నేర్పడానికి రెండు సగం పీపాలను ఒకదానిమీద ఒకటి పెట్టి, పైదానిలో శిష్యుణ్ని కూర్చోబెట్టేవారు. బయట నిలబడ్డవారు పీపాను చేతులతో అటూ ఇటూ ఊపుతుంటే, లోపలివాడు చక్రాలు తిప్పుతూ నిలదొక్కుకోవాలి.

తరువాత వచ్చినవాడు అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్. ఆయన తండ్రికి ఆర్గన్లు, తమంతట తామే వాయించుకొనే పియానోలు చేసే కర్మాగారం ఉండేది. లింక్‌కు విమానం నేర్చుకోవాలని ఆశ. ఫీజులు చాలా ఎక్కువ. అందుకని 1929 నాటికి ఆర్గన్‌లో వాడే తిత్తులు, గాలి గొట్టాలతోనే ఒక చిన్న విమానం పెట్టెను తయారుచేశాడు. లోపల కూర్చున్నవాడు కర్రను కదిపితే, తిత్తుల్లోని గాలి మారి పెట్టె వాలేది, లేచేది, తిరిగేది. మొదట్లో దాన్ని వినోదశాలలవారు ఆటవస్తువుగా కొన్నారు.

1934లో అమెరికా సైన్యం టపా విమానాలు నడిపే పని చేపట్టింది. చలికాలం, మబ్బులు, రాత్రివేళలు. కొద్ది వారాల్లోనే పలువురు పైలట్లు చనిపోయారు. కారణం ఏమిటో తెలుసా? మబ్బులో కన్ను పనిచేయదు. నిలువుగా ఉన్నామో, వాలి ఉన్నామో మనకు చెప్పే చెవి లోపలి భాగం కూడా మోసపోతుంది. అప్పుడు ఒంటిని కాక ఎదురుగా ఉన్న సాధనాలను నమ్మాలి. ఆ నమ్మకం అభ్యాసంతోనే వస్తుంది. అప్పుడు సైన్యం లింక్ పెట్టెలు ఆరు కొన్నది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేలోగా అటువంటివి పదివేలకు పైగా తయారయ్యాయి. లక్షలాది పైలట్లు వాటిలో నేర్చుకున్నారు.

ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరకే కూర్చున్నాను. హార్మోనియం తిత్తి! నాన్న చేతిలో పాడిన గాలే అక్కడ మనుషులకు ఎగరడం నేర్పింది. నాన్న ఉంటే చెప్పేవాణ్ని.

ఈనాటి పెద్ద సిమ్యులేటర్లు ఆరు కాళ్లమీద నిలబడే గదుల్లా ఉంటాయి. కాళ్లు సాగుతూ ముడుచుకుంటూ గదిని ఆరు విధాలుగా కదుపుతాయి. విమానం వేగం అందుకొన్నట్లు తోచాలంటే గదిని కొంచెం వెనక్కి వాలుస్తారు. వీపు సీటుకు అదుముకొని, ముందుకు దూసుకుపోతున్నట్లే అనిపిస్తుంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారు ఇటువంటి శిక్షణకు హైదరాబాదులో కేంద్రం పెట్టారు.

అయితే సిమ్యులేటర్ చెప్పలేనిది కూడా ఒకటుంది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి ఒక విమానం ఇంజన్లు రెండూ పనిచేయకుండా పోయాయి. పైలట్ సలెన్‌బర్గర్ దాన్ని హడ్సన్ నదిలో దించాడు. 155 మందీ బతికారు. తరువాత విచారణలో అదే సంఘటనను సిమ్యులేటర్‌లో నడిపి చూశారు. పక్షులు తగిలిన క్షణంలోనే వెనక్కి తిరిగితే విమానాశ్రయానికి చేరే వీలుందని కొన్ని ప్రయత్నాల్లో తేలింది. పరిస్థితి అర్థం చేసుకొని నిర్ణయానికి రావడానికి మనిషికి పట్టే 35 సెకన్లను లెక్కలోకి తీసుకొని తిరిగినప్పుడు మాత్రం విమానం చేరలేదు. ముందే జవాబు తెలిసినవాడికీ, అప్పుడే ప్రశ్న ఎదురైనవాడికీ ఉన్న తేడా ఆ 35 సెకన్లు.

ఆగి ఆలోచించండి - 2
(అ) మబ్బులో ఎగిరే పైలట్ దేనిని నమ్మాలి? ఎందుకు?
(ఆ) లింక్ పెట్టె కథ చదివినప్పుడు రచయితకు తండ్రి ఎందుకు గుర్తుకు వచ్చాడు?

6. నిజమైన విమానం

పుదుచ్చేరి విమానాశ్రయం లాస్‌పేటలో ఉంది. రన్‌వే పొడవు సుమారు 1500 మీటర్లు. అందుకని అక్కడికి పంకాలున్న చిన్న విమానాలే వస్తాయి. 2013లో కొత్త భవనం తెరిచారు. సర్వీసులు కొన్నాళ్లు నడిచి ఆగిపోయాయి. 2017 ఆగస్టులో ఉడాన్ పథకం కింద హైదరాబాదుకు విమానం మొదలైంది. మా అమ్మాయి అప్పుడు హైదరాబాదులో ఉంది. దాని పురిటికి వెళ్లాలి. మా ఆవిడ, "ఎన్నాళ్లు ఉత్తుత్తి విమానాలు నడుపుతారు? ఈసారి నిజమైనది ఎక్కుదాం" అంది. అప్పుడు నాకు యాభై ఏడేళ్లు.

నాకు అన్నీ తెలుసు. ఎంత వేగం దగ్గర ముక్కు లేస్తుందో, చక్రాలు ఎప్పుడు ముడుచుకుంటాయో మా ఆవిడకు వరసగా చెప్పాలనుకున్నాను. పంకాలు తిరిగాయి. విమానం పరుగెత్తింది. నా గొంతు పెగలలేదు. నేల విడిచిన క్షణంలో నా బరువంతా సీటులోకి దిగిపోయింది. ఇరవైమూడేళ్లుగా నా తెరమీద లేని సంగతి అది. కాసేపటికి సముద్రం కనిపించింది. మబ్బుల్లో విమానం అదిరింది. నేను మా ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఏమండీ, మీకు తెలిసిన పనే కదా?" అంది.

తెలియడం వేరు, ఒళ్లు ఒప్పుకోవడం వేరు. ఇక్కడ తెర నల్లబడితే మళ్లీ వెలగదు. డెబ్బైమందికి పైగా కూర్చునే విమానం అది. పసిపిల్లను ఎత్తుకున్న తల్లి ఒకామె మా ముందు సీటులో ఉంది. ముందు గదిలో ఉన్న పైలట్లను నేను చూడలేదు. కాని వాళ్లను గురించి నాకు ఒక సంగతి తెలుసు. ఏటా రెండుసార్లు వాళ్లకు పరీక్ష ఉంటుంది. ఇంజను ఆగినప్పుడు, పొగ వచ్చినప్పుడు, స్టాల్ అయినప్పుడు ఏం చేయాలో నేలమీది గదిలో మళ్లీ మళ్లీ చేసి చూపాలి. వాళ్లు అక్కడ తప్పులు చేసి దిద్దుకొని వచ్చారు గనుకనే మేము ఇక్కడ కూర్చోగలిగాం. ఆ ఆలోచన రాగానే నా చెయ్యి వదులయింది.

శంషాబాదులో చక్రాలు మెత్తగా నేలను తాకాయి. 3 డిగ్రీలు సరిగ్గా లెక్క కట్టారు అనుకున్నాను.

7. మళ్లీ గోదావరి

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇంట్లో పాత కంప్యూటరు ఉంది. అందులో ఫ్లైట్‌గేర్ అనే ప్రోగ్రామును నడుపుతాను. దానికి డబ్బు కట్టనక్కరలేదు, ఎవరైనా తీసుకోవచ్చు. మా మేనల్లుడి ఇంట్లో ఖరీదైన కంప్యూటరు, 2020లో వచ్చిన కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఉన్నాయి. దాన్ని రూపొందించినవారు ఫ్రాన్సులోని బోర్డో నగరంలోని ఒక సంస్థవారు. ఉపగ్రహాలు, విమానాలు తీసిన చిత్రాలతో భూగోళమంతా అందులో పెట్టారు.

వాడు, "ఎక్కడికి పోదాం మామయ్యా?" అన్నాడు. యానాం అన్నాను.

గౌతమి కనిపించింది. వెడల్పుగా, మట్టిరంగులో, ఎండలో మెరుస్తూ. నాన్నతో కూర్చున్న చోటు కోసం వెతికాను. గట్టు మారిపోయింది, పోల్చుకోలేకపోయాను. ఇంజను ఆపేశాను. గద్దలాగా గాలిమీద తిరుగుతూ పైకి పోదామనుకున్నాను. గాలి ఎక్కడ లేస్తుందో దానికి తెలుసు, నాకు తెలియదు. విమానం మెల్లగా దిగి నదిలో పడింది. మేనల్లుడు నవ్వాడు. నేనూ నవ్వాను. మళ్లీ మొదలుపెట్టాను.

ఈ వ్యాసం చదువుతున్న మీలో కొందరు నాలాగే ఏదో ఒక పరీక్ష తప్పి ఉంటారు. కొందరు పరీక్షదాకా వెళ్లి ఉండరు. మీ ముందున్న ఈ పుస్తకం నేలమీది విమానమే. కింద అభ్యాసాలు ఉన్నాయి. తప్పుగా రాస్తే పడేది పెన్సిలు గీతే, మీరు కాదు. రబ్బరు దగ్గర పెట్టుకొని మొదలుపెట్టండి.

పదాలు - అర్థాలు

తిత్తి = గాలి నింపి వదిలే తోలు సంచి
కూడబలుక్కొని = అక్షరం అక్షరం కలుపుకొని
స్తోమత = శక్తి, ఆర్థిక స్థితి
టపా = ఉత్తరాలు, తపాలా
పీపా = చెక్కతో చేసిన పెద్ద గుండ్రని పాత్ర
పోల్చుకోవడం = గుర్తుపట్టడం

అభ్యాసాలు

1. విమానం 3 డిగ్రీల వాలులో దిగుతోంది. రన్‌వేకు 8 కిలోమీటర్ల దూరంలో ఎంత ఎత్తున ఉండాలి? పాఠంలోని లెక్క ఆధారంగా చెప్పండి.
2. "తెలియడం వేరు, ఒళ్లు ఒప్పుకోవడం వేరు" - ఈ మాట ఏ సందర్భంలోది? మీ అనుభవంలోనుంచి ఇటువంటి సందర్భం ఒకటి రాయండి.
3. "19 మార్కుల కాగితం అన్నది. పద్దెనిమిదేళ్లుగా నేను దాని మాటే నమ్మాను." ఇందులో రచయిత బాధ ఏమిటి? నాలుగైదు వాక్యాల్లో రాయండి.
4. మీకు చిన్నప్పటినుంచి ఇష్టమైన పని ఏది? దానివల్ల మీరు నేర్చుకున్న ఒక విషయాన్ని పదిహేను వాక్యాల్లో రాయండి.

1వ ప్రశ్నకు జవాబు: సుమారు 419 మీటర్లు. (8000 × 0.0524)